మూడే కాళ్ళు

లివోర్నో రేవు నుంచి ఓడెక్కి వచ్చింది నా బండి.
వెనక రెండు, ముందు ఒకటి,
సీటు కింద పనిముట్ల పెట్టె పట్టేంత చోటు.
కస్టమ్స్ కాగితంలో ఎవరో "తోట యంత్రం" అని రాశారు.
ఆ రెండు మాటలు కొట్టేయించడానికి
ఎండాకాలం మొత్తం సరిపోయింది.

ఏడో కిటికీలో తున్జాయ్ బేయ్.
ఆయన ఫారంలో రెండే గడులు:
రెండు చక్రాలు. నాలుగు చక్రాలు.
కలం మొదటి గడి దాకా వెళ్ళి ఆగుతుంది,
రెండో గడి దాకా వెళ్ళి ఆగుతుంది,
పక్కన గ్లాసులో టీ చల్లారిపోతుంది.
"నాలుగోది ఏదమ్మా?"
"పుట్టనే లేదు."
"పోనీ, ఒకటి తీసేస్తే?"

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాణ్ణి
మొండివాడంటుంది లోకం.
నేను కుందేలునే తోసుకొచ్చి
ఆఫీసు మెట్ల ముందు నిలబెట్టాను.
ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి లెక్కపెట్టాడు.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు.
"రేపు రండి," అన్నాడు.

రేపంటే ఉస్కుదార్ నుంచి మళ్ళీ పడవ,
రొట్టెముక్క కోసం మొహం మీదికొచ్చే సీగల్ పిట్టలు,
మళ్ళీ టోకెను, మళ్ళీ నోటరీ,
ఫొటోలో చెవులు కనబడలేదని మళ్ళీ ఫొటో.

నా చెవులు!
ఇదంతా వాటి మూలంగానే.
ముప్పై నాలుగేళ్ళుగా పియానోలు శ్రుతి చేస్తున్నాను.
మొన్న శీతాకాలం ఎడమ చెవి లోపల ఏదో తెగింది.
వినికిడి పోలేదు, నిలకడ పోయింది.
రెండు చక్రాల మీద కూర్చున్నానా,
మినార్లు, వంతెన, బస్సు కోసం నిలుచున్న జనం
అంతా కలిసి ఒక పక్కకి ఒరిగిపోతారు.
డాక్టరమ్మ హాయిగా నడవమంది.
ఏడు కొండల మీద కట్టిన ఊరిది.
పదకొండు కిలోల పెట్టె భుజాన వేసుకుని
హాయిగా నడవమంది.

లైసెన్సు పరీక్ష నాడు సన్నటి వాన.
అట్టకు కాగితం బిగించుకుని నెజాహత్ హానిమ్:
"ఆగగానే ఎడమ కాలు నేలకు ఆనించాలి."
"ఆనించకపోయినా పడదండీ."
"పడుతుందా అని లేదు ఇందులో. ఆనించారా అని ఉంది."
ఆనించాను.
కొండలా నిలబడ్డ బండి పక్కన
తడి తారు మీద
ఏ బరువూ మోయని ఒక కాలు.
ఆమె టిక్కు పెట్టింది.
నవ్వు దాచుకుంది గానీ సగమే దాగింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం
తున్జాయ్ బేయ్ సొరుగులోంచి స్కేలు తీశాడు.
రెండు గడుల మధ్య ఇరుకులో
మూడో గడి గీశాడు, కాస్త వంకరగా.
ఎవరూ చూడకముందే దాని మీద స్టాంపు గుద్దేశాడు.
ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది, మంచి చెవిలో.

కంప్యూటరు మాత్రం మెత్తబడలేదు.
దాని లెక్కలో నాది కారు.
కాబట్టి నంబరు ప్లేట్లు రెండు.
ముందేమో ఒక చక్రం, ఒక దీపం,
ప్లేటు పట్టేంత నుదురు ఎక్కడిది?
మిగిలిన ప్లేటు వంటింట్లో మేకుకు వేలాడుతోంది.
గోటితో మీటితే పలుకుతుంది,
వెంట్రుకవాసి శ్రుతి తప్పి.
దాన్ని సరిచేసే సాధనం నా పెట్టెలో లేదు.

ఇవాళ షిష్లీలో తొమ్మిదింటికి ఒక ముసలి పియానో.
ఎనిమిదింటికి కార్లెక్కించే పడవ దగ్గర
టికెట్ల కుర్రాడు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.
వాడి తల మీద బోర్డులో ధరలు రెండే.
"అత్తా, ఇది బైకా, కారా?"
నేను ఇంజను ఆపి,
అలవాటు కొద్దీ,
ఎడమ కాలు నేలకు ఆనించాను.